స్టేజి దాకా వచ్చే బస్సు

బస్టాండులో మైకు ముందు కూర్చున్నవాడికి అన్నీ తెలుసని జనం అనుకుంటారు. ఏ బస్సు ఎక్కడుందో, ఎప్పుడొస్తుందో, ఎందుకు రాలేదో, అన్నీ. నేనూ చాలా ఏళ్ళు అలాగే అనుకున్నాను. గద్వాలలో కండక్టరుగా చేరి, ఆత్మకూరు వనపర్తి మధ్య ఏళ్ళ తరబడి తిరిగి, మోకాళ్ళు అరిగాక కంట్రోలరునయ్యాను. చివరి పోస్టింగు నాగర్‌కర్నూలు జిల్లాలో ఒక చిన్న బస్టాండు. దాని పేరు చెప్పను. అక్కడి మనుషుల పేర్లూ చెప్పను, ఎందుకంటే వాళ్ళలో ఎవరిది తప్పో నాకు ఇప్పటికీ తేలలేదు. నాది కొంత ఉందని మాత్రం తెలుసు. ఈ ఉద్యోగంలోకి కొత్తగా వస్తున్న మీకు చదివాక ఏదైనా తేలితే నాకూ చెప్పండి.

కంట్రోలరు పని చూడ్డానికి సులువు. బస్సు వస్తే వచ్చిన టైము, పోతే పోయిన టైము రిజిస్టరులో రాయాలి. ఏ ఊరికి పోయి వచ్చిందో కండక్టరు చెబుతాడు, అది రాసుకోవాలి. లేటయితే పక్క గడిలో కారణం రాయాలి. మధ్యలో మైకు పట్టుకుని అరవాలి. బస్సు నిజంగా ఆ ఊరికి పోయిందా అని వెనక పరుగెత్తి చూసేవాడు ఎవడూ లేడు. నేనూ చూడలేదు.

ఒక ఏడాది శివరాత్రి దాటిన వారంలో ఏడో తరగతి పిల్లలు ఇరవై ముగ్గురు మా బస్టాండు చూడ్డానికి వచ్చారు. రవాణా పాఠం అట. ముందు బస్టాండు, తర్వాత గద్వాల పోయి రైలు, ఆ పైన కృష్ణ ఒడ్డున గుండ్రటి పుట్టి పడవ ఎక్కకుండా దూరం నుంచి చూడటం. మా వైపు రైలు పట్టాలు లేవు కాబట్టి పిల్లల మనసంతా గద్వాల మీదే ఉంది. వాళ్ళను తీసుకొచ్చిన టీచరమ్మ ఉప్పునుంతల వైపు మనిషి. చిన్న వయసు, గట్టి గొంతు. పిల్లలు ప్రతి మాటా నోటుపుస్తకంలో రాయాలని, చివర్లో నేను సంతకం పెట్టాలని ముందే చెప్పింది.

నాకు ఎక్కడలేని హుషారు వచ్చింది. ఇన్నేళ్ళలో నా పని గురించి నన్ను అడిగినవాళ్ళు లేరు మరి. రూటు బోర్డులు చూపించాను, టికెట్ మిషను చూపించాను, ఏ బస్సు ఏ టైముకు ఎక్కడుండాలో రాసిన చార్టు అంటే ఏమిటో చెప్పాను. వాళ్ళు అడిగిన ప్రశ్నలకు మాత్రం తల తిరిగింది. బస్సు వెనక్కి ఎంత దూరం పోగలదని ఒకడు అడిగాడు. ఏ ఊరికి బస్సు పోవాలో మొట్టమొదట ఎవరు చెప్పారని ఇంకొకతి అడిగింది. రెండింటికీ నా దగ్గర జవాబు లేదు. అయినా ఏదో చెప్పాను, వాళ్ళు రాసుకున్నారు.

చివర్లో నాకే ఒక ఆలోచన వచ్చింది. ఒక్కొక్కరూ మైకులో ఒక్కో బస్సు పేరు చెప్పమన్నాను. పిల్లలు ఎగిరి గంతేశారు. ఒకడు తెలకపల్లి బస్సును అంత గట్టిగా పిలిచాడు, దాన్ని ఎక్కాల్సినవాళ్ళు నిజంగానే లేచి పరుగెత్తారు. అలా అయిదారుగురు అయ్యాక, సన్నగా పొడుగ్గా ఉన్న ఒక అమ్మాయి వంతు వచ్చింది. ఏ ఊరని అడిగాను. చెప్పింది. పెద్దరోడ్డు మీద బస్సు ఆగే స్టేజికి మూడు కిలోమీటర్లు లోపలున్న ఊరు. ఆ ఊరి నుంచి ఆ తరగతిలో ఉన్నది తనొక్కతే, మిగతా పిల్లలంతా స్టేజి ఊరివాళ్ళు, బడి కూడా స్టేజి ఊరిలోనే. వాళ్ళ ఊరి పేరున్న బస్సు మా దగ్గర రోజూ రెండు ట్రిప్పులు తిరుగుతుంది. మీ ఊరి బస్సే చెప్పు బిడ్డా అని మైకు ఇచ్చాను.

ఆమె మైకు పట్టుకుంది గాని చెప్పలేదు. నా వైపు తిరిగింది.

"గా బస్సు మా ఊరికి రాదు సార్."

మైకు ఆపలేదు. బస్టాండు మొత్తం విన్నది. హోటల్ ముందు చాయ్ తాగుతున్న డ్రైవర్లు తల తిప్పారు, ఎవరో నవ్వారు. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి పోతుందని, బోర్డు మీద పేరు చూడమని నేను నచ్చచెప్పబోయాను.

"పేరు మాదే సార్. బస్సు స్టేజి దాకనే వస్తది. ఆడికెళ్లి మేం నడుస్తం."

నాకు కోపం వచ్చింది. పన్నెండేళ్ళ పిల్ల మీద కోపమేమిటని ఇప్పుడు సిగ్గుపడుతున్నాను గాని, ఆ రోజు వచ్చింది. మైకు కట్టేసి రిజిస్టరు తెరిచాను. పోయిన నెల, అంతకు ముందు నెల, పేజీలు తిప్పి చూపించాను. ఊరి పేరు, పోయిన టైము, వచ్చిన టైము, కింద నా సంతకం. ఇన్ని రోజులు ఇంతమంది పెద్దవాళ్ళం అబద్ధం రాస్తామా అని అడిగాను. పెద్దవాళ్ళకు ఎదురు చెప్పొద్దని టీచరమ్మ గదమాయించింది. పిల్ల ఆ పేజీలను చాలాసేపు చూసింది.

"అయితే వస్తున్నదేమో సార్," అంది చివరికి. "నాకు తెల్వదు."

పోయే ముందు నోటుపుస్తకాలు సంతకానికి తెచ్చారు. ఆమె పుస్తకంలో గుండ్రటి అక్షరాలతో ఇలా రాసి ఉంది: మా ఊరికి రోజుకు రెండుసార్లు బస్సు వచ్చును. దాని కింద సంతకం పెట్టాను. రోజూ తన కాళ్ళతో తెలుసుకున్న సంగతిని ఆ పిల్ల నా రాతను చూసి కొట్టేసుకుంది. రిజిస్టరు తప్పని నాకు అప్పుడింకా తెలియదు, ఆమె తప్పని కూడా నమ్మలేకపోయాను. వాళ్ళ బస్సు గద్వాల దారి పట్టాక ఆ పేజీలను మళ్ళీ తిరగేశాను.

ఆ ట్రిప్పు కండక్టరు నాతో పాటే సర్వీసులో చేరినవాడు, నన్ను అన్నా అని పిలుస్తాడు. సాయంత్రం అడిగాను. దాచకుండా చెప్పాడు.

"వాగు మీది మోరీ కూలినప్పటి సంది పోతలేం అన్నా. నాలుగేండ్లాయె. బాగైతే పోవాలె అన్నరు డిపోల. బాగైందని ఎవరు చెప్పలే, కాలేదని ఎవరు రాయలే. నేను ఊరి పేరు చెప్తున్న, నువ్వు రాస్తున్నవు."

ఊరివాళ్ళు ఎందుకు అడగలేదంటే, బస్సుకు పేరు తమదే అయినా రావడం స్టేజి దాకానే కామోసు అని అలవాటు పడ్డారట. బోర్డు మార్చమని ఎవరూ అనలేదు, బస్సు రమ్మనీ ఎవరూ అనలేదు. ఇదేం లెక్కో నాకు అర్థం కాలేదు.

తర్వాతి వారం నా సెలవు రోజున పొద్దుటి ట్రిప్పు ఎక్కాను. ఏడూ నలభైకి స్టేజి చేరాము. డ్రైవరు బస్సును మళ్ళించి, వేపచెట్టు నీడలో ఆపి, డబ్బా విప్పి ఉప్మా తినసాగాడు. కండక్టరు చాయ్‌కి పోయాడు. చార్టు ప్రకారం బస్సు ఊరికి పోయి తిరిగి స్టేజి దగ్గరికి వచ్చేసరికి ఎనిమిదింబావు కావాలి. కాబట్టి ఎనిమిదింబావు దాకా అక్కడే ఉంటారట. ముప్ఫై అయిదు నిమిషాలు. నా కళ్ళ ముందే, నా సంతకం మీద. నాకు ఒళ్ళు మండింది.

ఈలోగా లోపలి దారిలోంచి జనం ఒక్కొక్కరే వచ్చి ఎక్కుతున్నారు. గంప ఎత్తుకున్న ముసలమ్మ, దవాఖానాకు పోయే ఒకాయన, ఇంకో నలుగురు. వాళ్ళలో ఆ పిల్ల తల్లి కూడా ఉంది. నేనెవరో కండక్టరు చెబితే దగ్గరికి వచ్చింది. మైకులో ఎదురు చెప్పినందుకు కూతుర్ని తిట్టానని, మనసులో పెట్టుకోవద్దని అంది. తప్పు మీ బిడ్డది కాదు, నేను దీన్ని సరి చేస్తానని నేనన్నాను. ఆమె మొహంలో సంతోషమేమీ కనిపించలేదు.

"ఇప్పుడు మంచిగనే ఉంది గద సారూ, ఎందుకు ముట్టుకుంటవు? ఇక్కడి బడి ఏడు దాకనే. జూన్ల బిడ్డను టౌనుకు ఎనిమిదో తరగతికి పంపుదామనుకుంటున్న. గీ బస్సు ఉందన్న ధైర్యంతోనే."

విన్నాను గాని చెవికెక్కలేదు. నా బుర్రంతా రిజిస్టరులోనే ఉంది. రెండు పేజీల ఉత్తరం రాశాను. మోరీ బాగు చేయించి బస్సును ఊరిలోకి పంపండి, లేదా స్టేజి దాకానే అని రికార్డు మార్చండి అని. ఎంత నీతిగా రాశానో అనుకుని రెండుసార్లు చదువుకున్నాను కూడా. మా పై అధికారి చెడ్డవాడు కాదు. చదివి, మంచి పని చేశావని మెచ్చుకున్నాడు. మోరీ తన చేతిలో లేదు, రికార్డు ఉంది. జూన్‌లో బడులు తెరిచే వారానికే కొత్త చార్టు వచ్చింది. బోర్డు మీద ఊరి పేరు తీసేసి స్టేజి పేరు రాశారు. ఏడూ నలభైకి స్టేజి చేరాలి, ఏడూ నలభై అయిదుకు బయలుదేరాలి. మిగిలిన అరగంటను ఇంకో వైపు ఊరికి కొత్త ట్రిప్పుగా ఇచ్చారు. ఆ ఊరివాళ్ళు డ్రైవరుకు దండ వేశారు. నేను మైకులో కొత్త పేరు పిలిచి, అబద్ధం లేని రిజిస్టరులో సంతకం పెట్టి, హాయిగా చాయ్ తాగాను.

మూడు వారాల తర్వాత ఆ తల్లి వచ్చింది. మధ్యాహ్నం పూట, కౌంటరు దగ్గర నిలబడి, అరవకుండా అడిగింది.

"బస్సును ఏం చేసినవు సారూ?"

వాళ్ళ ఊరిలో నల్లా నీళ్ళు ఏడింటికి వస్తాయి. పత్తి పనులు మొదలయ్యాక తల్లి అంతకు ముందే కూలి ఆటో ఎక్కి పోతుంది కాబట్టి, నీళ్ళు పట్టి పెట్టాల్సింది పిల్లే. పట్టి, జడ వేసుకుని, ఏడుంబావు దాటాక బయలుదేరితే మూడు కిలోమీటర్లు నడిచి స్టేజికి వచ్చేసరికి ఎనిమిదవుతుంది. పాత బస్సు ఎనిమిదింబావు దాకా ఉండేది. కొత్త బస్సు అప్పటికి పోయి పావుగంట. తర్వాతి బస్సు పదకొండుకు. మూడు వారాల్లో పిల్ల బడికి పోయింది నాలుగు రోజులు. ఆ నాలుగు రోజులు ఇంట్లో నీళ్ళు లేవు.

"ఆడోళ్ళకు టికెట్టు ఫ్రీ అన్నరు, బస్సు లేకుండ చేసిన్రు. నాకు చాతగాదు సారూ. ఈ నెల చూస్త. గిట్లనే ఉంటె పత్తి చేన్లకు నాతోని తీస్కపోత."

ఆమె పోయాక కొత్త చార్టు ముందేసుకుని చూశాను. స్టేజి దగ్గర వేపచెట్టు కింద నేను చూసిన ముప్ఫై అయిదు నిమిషాలు పనిదొంగతనం అనుకున్నాను. ఆ నిమిషాల్లోనే ఒక ఊరు నడిచి వస్తోంది. అది నా కళ్ళ ముందే జరిగింది, గంప ఎత్తుకున్న ముసలమ్మకు నేనే చేయి అందించాను, అయినా నాకు కనిపించలేదు. మేం నాలుగేళ్ళు రాసిన అబద్ధం మీద ఆ ఊరి పొద్దు నడిచింది. నేను రాసిన నిజం దాన్ని మూడు వారాల్లో ఆపేసింది. ఇంత బాధ నాకు సర్వీసులో ఎప్పుడూ కలగలేదు. బాధ కంటే ఎక్కువగా అయోమయం. తప్పు దిద్దితే తప్పెలా అవుతుంది?

పై అధికారి దగ్గరికి పరుగెత్తాను. పాత చార్టు వేయమని బతిమాలాను. ఆయన నన్ను వింతగా చూశాడు. మార్చమని ఉత్తరం రాసిందీ నువ్వే, మళ్ళీ మార్చమనేదీ నువ్వేనా అన్నాడు. ఆ అరగంటను వేరే ఊరికి ఇచ్చామని, దండ వేసినవాళ్ళ దగ్గర్నుంచి ఇప్పుడెలా లాక్కోవాలని అడిగాడు. ఆయన మాటలో తప్పు దొరకలేదు. నల్లా టైము మార్చమని నీళ్ళు వదిలే మనిషి దగ్గరికి కూడా పోయాను. తన నీళ్ళు ఇంకో రెండు ఊర్లకు పోవాలని అతను తన చార్టు చూపించాడు. అది కూడా సరిగ్గానే ఉంది.

ఇక మిగిలింది కండక్టరు. స్టేజి దగ్గర ఎనిమిదింబావు దాకా ఆగమన్నాను. అరగంట లేటు రాస్తే మెమో తనకే వస్తుందని గుర్తు చేశాడు. లేటు రాయనన్నాను. అతను నా మొహంలోకి చూశాడు.

"మల్ల రాసుడేనా అన్నా?"

మళ్ళీ రాయడమే. ఆ మర్నాటి నుంచి బస్సు ఎనిమిదీ యాభై అయిదుకు వచ్చేది, నేను ఎనిమిదీ ఇరవై అయిదు అని రాసేవాణ్ణి. కొత్త ట్రిప్పు తొమ్మిదింటికి కదిలేది, నేను ఎనిమిదిన్నర రాసేవాణ్ణి. బస్సు ఎక్కడుందో చూపించే పరికరాలు మా ఆర్డినరీ బస్సులకు అప్పటికి ఇంకా రాలేదు, లేకపోతే మొదటి వారంలోనే దొరికిపోయేవాణ్ణి. కొత్త ట్రిప్పు ఊరివాళ్ళు మాత్రం ఊరుకోలేదు. రోజూ అరగంట ఎండలో నిలబెడుతున్నారని వాళ్ళలో ఒకాయన కౌంటరు ముందే నన్ను కడిగేశాడు. ఆయనకూ పనులుంటాయి. తల వంచుకుని విన్నాను. ఒక ఊరి టైము దొంగిలించి ఇంకో ఊరికి ఇస్తున్నానని తెలుసు. తెలిసీ ఎనిమిది నెలలు రాశాను.

ఈ ఎనిమిది నెలలూ లోపల ఒక చిన్న గర్వం కూడా ఉండేది, దాచను. ఎవరికీ తెలియకుండా ఒక పిల్ల చదువును నిలబెడుతున్నాననుకునేవాణ్ణి. సాయంత్రం బడి పిల్లలతో కలిసి ఆమె బస్టాండుకు వచ్చేది. కౌంటరు వైపు ఎప్పుడూ చూసేది కాదు. సిగ్గు కాబోలు అనుకునేవాణ్ణి.

నా ఆఖరి పని రోజు వచ్చింది. నా స్థానంలోకి వచ్చే అమ్మాయి ముందు రోజే చేరింది. పొద్దున ఆమెను కౌంటరు దగ్గర కూర్చోబెట్టి, నేను ఆ బస్సెక్కాను. దేని కోసం ఇన్నాళ్ళు రాశానో ఒక్కసారి కళ్ళారా చూసుకుందామనిపించింది. స్టేజి దగ్గర దిగి బస్సు పక్కన నిలబడ్డాను. ఎనిమిది కావస్తుండగా లోపలి దారిలో పిల్లలు కనిపించారు. ఒకరు కాదు, ఆడపిల్లలే అయిదుగురు. ముందు నడుస్తున్నది ఆ పిల్లే. నా గుండె నిండిపోయింది.

ఆమె నన్ను చూసింది. ఆగిపోయింది. వెనక్కి తిరిగి మిగతా పిల్లలను కేకేసింది.

"ఉరుకుండ్రే, గా సారొచ్చిండు. ఇయ్యాల బస్సు ఆగదు."

అయిదుగురూ బ్యాగులు పట్టుకుని దుమ్ములో పరుగెత్తుకొచ్చారు. ఒక పిల్ల చెప్పు జారిపోతే చేత్తో పట్టుకుని మరీ పరుగెత్తింది. వాళ్ళ లెక్కలో నేను బస్సు ఆపే మనిషిని కాదు. ఒకసారి వచ్చి చూసి, బస్సును లాక్కున్న మనిషిని. అంతే కదా, వాళ్ళకు తెలిసింది అంతే. డ్రైవరు కిటికీలోంచి నన్ను చూసి తల తిప్పుకున్నాడు.

ఆమె ఆయాసపడుతూ మెట్టు దగ్గర నిలబడింది. ఉరకొద్దు బిడ్డా, ఆగుతుంది అన్నాను. నమ్మలేదు.

"మల్ల టైం మారుస్తున్నరా సార్?"

లేదన్నాను. రేపు కూడా ఆగుతుందా అని అడిగింది. రేపటి నుంచి నేను ఉండనని, రిటైరవుతున్నానని చెప్పాను.

"మరి రేపు ఎవర్నడగాలె?"

డిపోలో ఏ కాగితం మీదా ఆ బస్సు ఎనిమిదింబావు దాకా ఆగాలని లేదు. అది నాకు, కండక్టరుకు, డ్రైవరుకు మధ్య మాట. నేను పోతే సగం పోతుంది, కండక్టరు బదిలీ అయితే మొత్తం పోతుంది. నేను నిలబెట్టాననుకున్న చదువు నా ఉద్యోగం ఉన్నన్నాళ్ళే నిలబడేది. తిరిగి వచ్చేటప్పుడు పిల్లలు మెల్లగా పాఠాలు చెప్పుకుంటూ కూర్చున్నారు, నేను కిటికీలోంచి బయటికి చూస్తూ ఇదే ఆలోచించాను.

బస్టాండు చేరేసరికి ఎనిమిదీ యాభై అయిదు. రిజిస్టరు ముందుకు లాక్కుని ఎనిమిదీ యాభై అయిదు అనే రాశాను. ముప్ఫై నిమిషాలు లేటు అని రాశాను. కారణం గడిలో ఇన్నేళ్ళూ పంక్చరు, పశువులు, సంత రోజు అని రాస్తూ వచ్చిన చెయ్యి ఒక నిమిషం ఆగింది. తర్వాత రాశాను: స్టేజి వద్ద లోపలి ఊరి బడిపిల్లలు నడిచి రావాలి, వాళ్ళు వచ్చేదాకా ఆగింది. గడి సరిపోక కింది గీతలోకి కూడా పోయింది. సంతకం పెట్టాను.

కొత్తమ్మాయి భుజం మీదుగా చదివింది. ఇది కారణమా సార్, ఆర్డరా అని అడిగింది. నాకూ తెలియదని చెప్పాను. అంతకు ముందు ఎనిమిది నెలల రాతల గురించి కూడా చెప్పాను. ఆమె అంతా విని, పెన్ను మూత పెట్టి పక్కన పెట్టింది. సాయంత్రం శాలువా కప్పారు, మిఠాయి పంచారు. పై అధికారి నా నిజాయితీ గురించి మాట్లాడుతుంటే నాకు నేల వైపు చూడటం తప్ప ఏమీ తోచలేదు.

మర్నాడు ఇంట్లో పనేమీ లేదు. ఎనిమిదీ ఇరవై అయిదు దాటేదాకా గడియారం చూస్తూ కూర్చుని, ఇక ఆగలేక కౌంటరుకు ఫోను చేశాను. స్టేజి బస్సు వచ్చిందా అమ్మా అని అడిగాను.

"ఇంకా రాలే సార్. లేటుంది," అంది ఆ అమ్మాయి. "కారణం గడిల మీరు రాసిందే రాస్తున్న."

ఫోను పెట్టేశాను. ఇన్నేళ్ళ సర్వీసులో బస్సు లేటు అన్న మాటకు నేను సంతోషపడ్డది ఆ ఒక్క రోజే, అప్పటికి నా సర్వీసు అయిపోయింది.